ముందు చక్రం బేరింగు ఇంటి దగ్గరే మార్చడం: విప్పడం మన పని, ఎక్కించడం ప్రెస్సు పని

కారు అరవై దాటగానే కింద నుంచి ఒక 'ఊఁ' మనే మోత మొదలవుతుంది. మొదట్లో టైరు శబ్దం అనుకుంటాం, రోడ్డు బాగోలేదనుకుంటాం, పాట సౌండు పెంచి ముందుకు పోతాం. నెల తిరిగేసరికి అదే మోత నలభైలోనే వినిపిస్తుంది. ఆ తర్వాత స్టీరింగులో సన్నని వణుకు. అప్పటికి ముందు చక్రం బేరింగు చాలావరకు అయిపోయినట్టే.

మా నాన్నగారి వ్యాగన్ ఆర్ కి మొదటిసారి నేనే బేరింగు మార్చాను. విప్పడం అంతా చక్కగా జరిగింది. కొత్త బేరింగును నకిల్ (చక్రాన్ని సస్పెన్షన్ కి, స్టీరింగుకు కలిపే ఇనుప దిమ్మ) లోకి ఎక్కించేటప్పుడు మాత్రం, లేత్ షాపు దాకా వెళ్లడం ఎందుకని, ఒక ఇనుప పైపు ముక్క పెట్టి సుత్తితో కొట్టి దింపాను. మూడు వారాల్లో మోత తిరిగి వచ్చింది. మళ్లీ కొత్త బేరింగు, మళ్లీ ఒక ఆదివారం. ఆ రెండోసారి పక్కన నిలబడి చూపించిన లేత్ షాపు పెద్దాయన ఒకే మాట అన్నారు: "బలం గుండ్ల మీదుగా పోకూడదు బాబూ." ఈ పని మొత్తంలో నాకు అర్థమైన అసలు విషయం అదే. మిగతాదంతా ఓపిక ఉన్నవాళ్లెవరైనా చేయగలిగేదే.

ఇక్కడ చెప్పేది నకిల్ లోపల ప్రెస్సు చేసి కూర్చోబెట్టే రకం బేరింగు గురించి. వ్యాగన్ ఆర్, స్విఫ్ట్ లాంటి చిన్న మారుతి కార్లలో ముందు చక్రాలకు ఎక్కువగా ఉండేది ఇదే. కొన్ని కార్లలో హబ్బూ (చక్రం బిగించే మధ్య భాగం) బేరింగూ కలిపి ఒకే యూనిట్ గా వచ్చి, వెనక నుంచి మూడు నాలుగు బోల్టులతో బిగుస్తాయి. మీది ఆ రకమైతే ప్రెస్సుతో పనే లేదు, సగం కష్టం తప్పినట్టే. విడిభాగాల షాపులో మీ మోడల్, తయారీ సంవత్సరం చెప్పి ఏ రకమో ముందే కనుక్కోండి.

ముందు శబ్దం ఎక్కడిదో తేల్చుకోండి

బేరింగు అనుకుని మార్చాక అసలు తప్పు టైరుదని తేలితే ఆ బాధ వేరు. కాబట్టి ఒక అరగంట దీనికే కేటాయించండి.

టైరు మోత రోడ్డును బట్టి మారుతుంది. తారు రోడ్డు మీద ఒకలా, సిమెంటు రోడ్డు మీద ఇంకోలా ఉంటుంది. బేరింగు మోతకు రోడ్డుతో సంబంధం లేదు, వేగంతోనే సంబంధం. ఖాళీ రోడ్డు మీద యాభై అరవైలో వెళ్తూ స్టీరింగును మెల్లగా ఎడమకు, తర్వాత కుడికి తిప్పి చూడండి. ఎడమకు తిరిగినప్పుడు కారు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే కుడి బేరింగు మీద అనుమానం. కుడికి తిరిగినప్పుడు పెరిగితే ఎడమది. మలుపులో 'టక టక' మని కొట్టుకుంటే అది బేరింగు కాదు, డ్రైవ్ షాఫ్ట్ (గేరుబాక్సు నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ) జాయింటు.

తర్వాత ఇంటికొచ్చి ఆ చక్రాన్ని జాకీ మీద లేపండి. గేరు న్యూట్రల్ లో ఉండాలి. రెండో ముందు చక్రం నేల మీదే ఉంటుంది కదా, గేరు వేసి ఉంటే లేపిన చక్రం తిరగదు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు అడ్డు పెట్టడం మర్చిపోవద్దు. ఇప్పుడు ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేతిని షాక్ అబ్జార్బర్ స్ప్రింగు మీద ఆనించండి. బేరింగు పాడైతే ఆ స్ప్రింగులో ఇసుక నలిగినట్టు గరగర తెలుస్తుంది. చెవికి వినిపించనిది కూడా ఆ చేతికి తెలుస్తుంది. రెండో వైపు చక్రాన్నీ ఇలాగే చూస్తే తేడా పట్టేయొచ్చు.

ఆట, అంటే వదులు, ఉందేమో చూడటానికి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. కదిలితే అది బేరింగు ఆటా, నకిల్ ను కింది ఆర్మ్ కి కలిపే బాల్ జాయింటు ఆటా? ఇంట్లో ఎవరినైనా పిలిచి బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే డిస్కు, దాన్ని నొక్కి పట్టే క్యాలిపర్ కలిసి హబ్బును నకిల్ కి పట్టేస్తాయి. అప్పుడు ఆట మాయమైతే బేరింగుది. ఇంకా కదులుతుంటే కింది బాల్ జాయింటు చూడాలి. చాలామంది ఈ చిన్న పరీక్ష చేయకుండానే రెండూ మార్పించేస్తారు.

బేరింగు ఎందుకు పోతుందో కూడా తెలిసి ఉండటం మంచిది. గుంతలు, ఎత్తైన స్పీడ్ బ్రేకర్లు ఒక కారణం. నీళ్లు అంతకన్నా పెద్ద కారణం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి మునిగాయి. అలా చక్రాలు మునిగేంత నీళ్లలో నిలిచిన కారుకు ఇంజను బాగు చేయిస్తారు, సీట్లు మార్పిస్తారు. బేరింగుల జోలికి ఎవరూ పోరు. సీలు దాటి లోపలికి చేరిన నీరు గ్రీజును పాడు చేసి తుప్పు పట్టిస్తుంది. మోత మొదలయ్యేది కొన్ని నెలల తర్వాత. అప్పటికి వరద సంగతి మనకు గుర్తుండదు.

ఏమేం సిద్ధం చేసుకోవాలి

బేరింగు ఒక్కటే కొనుక్కొచ్చి పని మొదలుపెట్టొద్దు. దాంతోపాటు కొత్త సర్క్లిప్ (బేరింగు బయటికి జారకుండా గాడిలో కూర్చునే రింగు), కొత్త డ్రైవ్ షాఫ్ట్ నట్టు, టై రాడ్ ఎండ్ (స్టీరింగు రాడ్డు నకిల్ కి తగిలే కొస) కి కొత్త స్ప్లిట్ పిన్ను తీసుకోండి. ఈ మూడూ ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడనివి. బేరింగు ఎస్‌కేఎఫ్, ఎన్‌బీసీ, ఎన్‌ఎస్‌కే లాంటి పేరున్న కంపెనీది, బిల్లు ఇచ్చే షాపులో తీసుకోండి. బేరింగుల్లో నకిలీలు ఎక్కువ. డబ్బా అచ్చు అలాగే ఉంటుంది, లోపల సరుకు వేరే. డబ్బా మీద ఉన్న నంబరు, బేరింగు రింగు మీద చెక్కిన నంబరు ఒకటేనా చూడండి. ఎస్‌కేఎఫ్ కి అయితే సరుకు అసలుదో కాదో ఫొటోలు పంపి కనుక్కునే యాప్ ఉంది.

ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న కారా కాదా అన్నది షాపులో తప్పక చెప్పండి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి అమ్మే కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి అయింది, అంతకు ముందువాటిలో కొన్నిటికే ఉంటుంది. కొన్ని ఏబీఎస్ కార్లలో చక్రం వేగం కొలిచే అయస్కాంత పట్టీ బేరింగు సీలులోనే ఉంటుంది. కొన్నిటిలో డ్రైవ్ షాఫ్ట్ మీద పళ్ల రింగు ఉంటుంది. పట్టీ ఉండాల్సిన కారుకు లేనిది వేస్తే అన్నీ బిగించాక ఏబీఎస్ లైటు వెలుగుతుంది, మళ్లీ మొదటి నుంచి విప్పాలి.

పనిముట్లలో ముఖ్యమైనవి రెండు. ఒకటి, డ్రైవ్ షాఫ్ట్ నట్టుకు సరిపడే సాకెట్, దానికి పొడవాటి రాడ్డు. సాకెట్ సైజు మోడల్ ని బట్టి మారుతుంది కాబట్టి ముందే కొలుచుకోండి. రెండోది టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే పానా), 200 న్యూటన్ మీటర్ల దాకా, మీ కారు మాన్యువల్ లో అంతకన్నా ఎక్కువ ఉంటే అంత దాకా చూపించేది. కొనలేకపోతే అద్దెకో అరువుకో తెచ్చుకోండి, కానీ అది లేకుండా ఈ పని పూర్తి చేయొద్దు. ఎందుకో బిగించే చోట చెబుతాను. మిగతావి మామూలే: పానాల సెట్టు, సుత్తి, చిన్న ఉలి, సర్క్లిప్ ప్లయర్, వైరు బ్రష్షు, తుప్పు వదిలించే స్ప్రే, బైండింగు వైరు, గ్రీజు, కళ్లద్దాలు, చేతి తొడుగులు.

జాకీ స్టాండు లేకుండా కారు కింద చెయ్యి కూడా పెట్టొద్దు. కారుతో వచ్చే జాకీ టైరు మార్చడానికే. ఇటుకలు, సిమెంటు దిమ్మలు పేర్చి వాటి మీద కారు ఆనించడం మన దగ్గర చాలా చోట్ల చూస్తాం. అవి పగిలేటప్పుడు ముందుగా చెప్పవు, ఒక్కసారిగా పొడి అవుతాయి. ఈ పనిలో మనం నకిల్ ని కొడతాం, లాగుతాం, తిప్పుతాం. కారు కదులుతూనే ఉంటుంది. గట్టి సిమెంటు నేల, మంచి స్టాండు, విప్పిన చక్రాన్ని కారు అంచు కింద పడుకోబెట్టడం, ఈ మూడూ ఉంటేనే మొదలుపెట్టండి.

ముందు రోజు సాయంత్రమే బోల్టులన్నిటి మీదా తుప్పు స్ప్రే కొట్టి వదిలేయండి. అలాగే మీ ఊరి ఆటోనగర్ లోనో దగ్గరి లేత్ షాపులోనో హైడ్రాలిక్ ప్రెస్సు ఉందా, రేపు తెరుస్తారా అని ఒక మాట అడిగి రండి. ఆదివారం చాలా షాపులు మూసేస్తారు. కారు స్టాండు మీద, నకిల్ చేతిలో, షాపుకు తాళం. ఆ టెన్షన్ మీకు వద్దు.

విప్పడం

కారు ఇంకా నేల మీద ఉండగానే డ్రైవ్ షాఫ్ట్ నట్టు వదులు చేయాలి. నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి వంచి కొట్టి ఉంటారు. ఆ వంపును చిన్న ఉలితో పైకి లేపండి. పూర్తిగా లేవకుండా తిప్పితే షాఫ్ట్ మరలు చెడతాయి. మొదటి గేరు, హ్యాండ్ బ్రేకు, ఇంకొకరు కాలితో బ్రేకు తొక్కి పట్టుకోవాలి. అప్పుడు పొడవు రాడ్డుతో మెల్లగా బలం పెంచుకుంటూ తిప్పండి. వదులైతే చాలు, తీసేయొద్దు. వీల్ నట్లు కూడా ఇప్పుడే పావు చుట్టు వదులు చేయండి.

ఇప్పుడు లేపి, స్టాండు మీద దించి, చక్రం తీయండి. క్యాలిపర్ బోల్టులు విప్పి, దాన్ని బైండింగు వైరుతో స్ప్రింగుకు వేలాడదీయండి. బ్రేకు హోసు మీద బరువు పడకూడదు. బ్రేకు ఆయిలు గొట్టాలు విప్పే అవసరం ఈ పనిలో ఎక్కడా రాదు. క్యాలిపర్ బ్రాకెట్ తీశాక డిస్కు రావాలి. తుప్పు పట్టి రాకపోతే డిస్కు మీద రెండు మరల రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. చాలా మారుతి డిస్కులకు ఉంటాయి. వాటిలో 8 ఎంఎం బోల్టులు రెండు సమానంగా బిగిస్తూ పోతే డిస్కు దానంతట అదే బయటికి తోసుకువస్తుంది. సుత్తితో పని లేదు.

ఏబీఎస్ సెన్సారు ఉంటే ఇక్కడ నిదానించండి. దాని బోల్టు తీయడం తేలిక, సెన్సారే నకిల్ లో తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. వైరు పట్టి లాగితే విరుగుతుంది. స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, అటూ ఇటూ సన్నగా తిప్పుతూ రప్పించండి. ఎంతకీ రాకపోతే వైరును దాని కనెక్టర్ దగ్గర విడదీసి, సెన్సారును నకిల్ తోనే ఉంచి షాపుకు తీసుకెళ్లండి. ప్రెస్సు మీద పెట్టేముందు మాత్రం అది బయటికి రావాల్సిందే.

టై రాడ్ ఎండ్ కి స్ప్లిట్ పిన్ను తీసి, నట్టును పూర్తిగా తీయకుండా రెండు మరలు ఉంచండి. సుత్తితో కొట్టాల్సింది ఆ బోల్టు తలను కాదు, అది దూరిన నకిల్ చెవిని, పక్క నుంచి. రెండు గట్టి దెబ్బలకు 'టక్' మని వదులుతుంది. తలను కొడితే మరలు నలిగి కొత్త టై రాడ్ ఎండ్ కొనాల్సి వస్తుంది.

కింది బాల్ జాయింటును పట్టి ఉంచే బోల్టును పూర్తిగా బయటికి తీయాలి, వదులు చేస్తే సరిపోదు. ఆ బోల్టు బాల్ జాయింటు కాడకున్న గాడిలో నుంచి వెళ్తుంది. తర్వాత పొడవాటి గడ్డపలుగు లాంటిది పెట్టి లోయర్ ఆర్మ్ ను కిందికి నొక్కితే జాయింటు ఊడుతుంది. రబ్బరు బూటు చిరగకుండా చూసుకోండి.

స్ట్రట్ (స్ప్రింగుతో ఉండే షాక్ అబ్జార్బర్) ను నకిల్ కి కలిపే రెండు బోల్టులు చివరికి ఉంచండి. అప్పటిదాకా బరువు మోసేది అవే. విప్పేముందు స్ట్రట్ బ్రాకెట్, నకిల్ రెండిటి మీదా కలిపి పెయింటుతో ఒక గీత గీయండి. తిరిగి బిగించేటప్పుడు అదే గీత కలిస్తే చక్రం వాలు పెద్దగా మారదు.

ఇప్పుడు డ్రైవ్ షాఫ్ట్ నట్టు తీసి, దాన్ని తిరగేసి మరల చివర దాకా ఎక్కించి, చెక్క ముక్క అడ్డం పెట్టి కొడితే షాఫ్ట్ హబ్బులోంచి వెనక్కి జారుతుంది. ఒక హెచ్చరిక: షాఫ్ట్ ను బయటి వైపుకు లాగొద్దు. లోపలి జాయింటు విడిపోతే, లేదా గేరుబాక్సు నుంచి ఊడివస్తే, గేరాయిలు కారడంతోపాటు ఇంకో రోజు పని పెరుగుతుంది. హబ్బు నుంచి విడిపడగానే షాఫ్ట్ ను కూడా వైరుతో కట్టేయండి. స్ట్రట్ బోల్టులు తీస్తే నకిల్ మొత్తం మీ చేతిలోకి వస్తుంది. బరువుగానే ఉంటుంది, కాలి మీద పడనివ్వకండి.

ప్రెస్సు దగ్గర

ఇక్కడి నుంచి తొందర పనికిరాదు. ముందుగా బేరింగు లోపల ఏముందో ఊహించుకోండి. బయట ఒక రింగు. లోపల పక్కపక్కనే రెండు చిన్న రింగులు. మధ్యలో రెండు వరుసల ఇనుప గుండ్లు. బయటి రింగు నకిల్ లో బిగుతుగా కూర్చుంటుంది, లోపలి రింగుల్లో హబ్బు బిగుతుగా దూరుతుంది. గుండు, రింగు ఒకదానికొకటి తగిలే చోటు ఆవగింజంత. కారు నడిచేటప్పుడు గుండ్లన్నీ బరువు పంచుకుని దొర్లుతాయి కాబట్టి తట్టుకుంటాయి. అదే ఆగి ఉన్న గుండు మీద ఒక్క సుత్తి దెబ్బ పడితే రింగులో కంటికి కనపడని గుంట పడుతుంది. ఆ తర్వాత ప్రతి చుట్టుకూ గుండు ఆ గుంటలో పడి లేస్తుంది. గుంట అంచు పెచ్చులూడుతుంది, ఆ పెచ్చులు మిగతా గుండ్ల కింద నలుగుతాయి. నేను కొట్టి దింపిన బేరింగు మూడు వారాల్లో అరిచింది అందుకే. కొట్టిన రోజు చేత్తో తిప్పితే అది వెన్నలా తిరిగింది.

అందుకే సూత్రం ఇది. బేరింగును నకిల్ లోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. హబ్బును బేరింగులోకి ఎక్కించేటప్పుడు కింద లోపలి రింగుకే ఆధారం ఉండాలి. షాపులో ప్రెస్సు నడిపే వ్యక్తి అనుభవం ఉన్నవారే అయి ఉంటారు, కానీ హడావిడిలో రెండో సంగతి మర్చిపోవడం మామూలే. మర్యాదగా, "అన్నా, కింద లోపలి రింగుకు పైపు పెట్టారా?" అని అడగండి. ఎవరూ తప్పుగా అనుకోరు.

క్రమం ఇలా ఉంటుంది. నకిల్ ను తలకిందులుగా ఆనించి, వెనక నుంచి నొక్కి హబ్బును బయటికి తీస్తారు. పెద్ద చప్పుడుతో వస్తుంది, దూరంగా ఉండండి. అప్పుడు బేరింగు విడిపోయి, లోపలి రింగుల్లో బయటివైపుది హబ్బుకే అతుక్కుని వచ్చేస్తుంది. భయపడొద్దు, అలాగే వస్తుంది. దాన్ని పుల్లర్ తో తీయొచ్చు. పుల్లర్ పట్టకపోతే గ్రైండరుతో రింగు మందంలో ముప్పాతిక దాకా కోసి, ఆ కోత మీద ఉలి పెట్టి ఒక్క దెబ్బ వేస్తే చీలిపోతుంది. పూర్తిగా కోయొద్దు, హబ్బు మీద గీత పడితే ఆ గీత దగ్గరే తర్వాత తేడా వస్తుంది. ఈ పనికి కళ్లద్దాలు లేకుండా కుదరదు. బేరింగు ఉక్కు పెళుసు, ముక్కలు ఎగురుతాయి.

హబ్బు వచ్చాక సర్క్లిప్ తీయాలి. అది తీయకుండానే పాత బేరింగును ప్రెస్సు చేసి నకిల్ గాడి పగలగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. సర్క్లిప్ ఏ వైపు ఉంటే బేరింగు ఆ వైపు నుంచే బయటికి రావాలి, రెండో వైపు నకిల్ లోనే గట్టు ఉంటుంది.

పాతది బయటపడ్డాక నకిల్ రంధ్రాన్ని సన్నని ఎమెరీ కాగితంతో రుద్ది, గుడ్డతో తుడిచి, గోరుతో తడిమి చూడండి. మెట్టు తగలకూడదు. కొత్త బేరింగు చేత్తో నొక్కితేనే జారి లోపలికి పోతుంటే ఆ నకిల్ అరిగిపోయినట్టు. కొన్ని చోట్ల రంధ్రం లోపల పంచ్ తో చుక్కలు కొట్టి బిగుతు తెప్పిస్తారు. దయచేసి ఒప్పుకోకండి. బేరింగు ఆ చుక్కల మొనల మీద నిలబడుతుంది, కొన్నాళ్లకు అవి అరిగి మొత్తం కదులుతుంది. నకిల్ మార్చడమే దారి. హబ్బు సంగతీ అంతే: బేరింగు కూర్చునే చోట నీలం రంగు తిరిగి ఉంటే, లేదా కొత్త రింగు చేత్తోనే దూరిపోతుంటే హబ్బు కూడా మార్చాలి.

కొత్త బేరింగును రాత్రే ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా చుట్టి డీప్ ఫ్రిజ్ లో పెట్టి ఉంచితే ఇప్పుడు కాస్త పని తేలికవుతుంది. చల్లబడిన ఉక్కు సన్నగా కుదించుకుంటుంది. నకిల్ ను ఎండలో పెట్టండి చాలు, మన వేసవిలో రెంటచింతల దాకా పోనక్కర్లేదు. బేరింగును మాత్రం ఎప్పుడూ వేడి చేయొద్దు, లోపలి గ్రీజు, సీళ్లు పాడవుతాయి.

అయస్కాంత పట్టీ ఉన్న బేరింగైతే ఏ వైపు లోపలికి రావాలో ఇప్పుడే చూసుకోవాలి. పట్టీ ఉన్న ముఖం సెన్సారు వైపుకు, అంటే కారు లోపలి వైపుకు ఉండాలి. రెండు ముఖాలూ చూడ్డానికి దాదాపు ఒకలాగే ఉంటాయి. పేపరు క్లిప్పును మెల్లగా దగ్గరికి తెస్తే పట్టీ ఉన్న వైపు అతుక్కుంటుంది. అయస్కాంతం ఉన్న స్క్రూడ్రైవరు, స్పీకరు లాంటివి దాని దగ్గరికి తేవద్దు.

రంధ్రంలో పలుచగా ఆయిలు రాసి, బేరింగును నిటారుగా నిలబెట్టి, పాత బేరింగు బయటి రింగునే పైన పెట్టి నొక్కడం మంచి పద్ధతి. సైజు సరిగ్గా అదే కదా. దాని బయటి అంచును గ్రైండరు మీద కొద్దిగా రుద్దితే రంధ్రంలో ఇరుక్కుపోదు. వంకరగా దిగుతోందనిపిస్తే ఆపి, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. గట్టుకు తగలగానే ప్రెస్సు పిడి ఒక్కసారిగా బరువెక్కుతుంది. అక్కడ ఆపేయాలి. సర్క్లిప్ గాడి చుట్టూ పూర్తిగా కనిపిస్తోందా చూసి కొత్త సర్క్లిప్ వేయండి. అది గాడిలో కూర్చున్నాక ప్లయర్ తో కొంచెం తిప్పి చూడండి, ఎక్కడా ఎత్తుగా ఉండకూడదు.

ఆ తర్వాత హబ్బు. వెనక వైపు లోపలి రింగుకు సరిపోయే పైపు ఆధారం పెట్టి, ముందు నుంచి హబ్బును నొక్కాలి. ఆధారం నకిల్ కింద పెడితే మొత్తం బలం గుండ్ల మీదుగానే పోతుంది, కొత్త బేరింగు అక్కడే పాడవుతుంది. అయ్యాక హబ్బును చేత్తో తిప్పండి. సీలు వల్ల కొంచెం బిగుతుగా, నూనెలో తిరిగినట్టు నిండుగా ఉండాలి. ఎక్కడైనా గరుకు తగిలితే కారుకు బిగించకముందే మాట్లాడుకోండి.

దగ్గర్లో ప్రెస్సు లేని ఊళ్లో ఉంటే, పొడవాటి మరల రాడ్డు, మందపాటి ప్లేట్లు, గిన్నెల్లాంటి రింగులతో వచ్చే బేరింగు పుల్లర్ సెట్టు వాడొచ్చు. పానాతో నట్టు తిప్పుతూ బేరింగును మెల్లగా లోపలికి లాక్కోవడమే. గంట పట్టినా దెబ్బ లేదు, బలం మీరు చెప్పిన రింగు మీదే పడుతుంది. సుత్తి కన్నా వంద రెట్లు నయం.

తిరిగి బిగించడం

విప్పిన వరుసకు తలకిందులు. స్ట్రట్ బోల్టులు ముందు వదులుగా పెట్టండి, షాఫ్ట్ ను హబ్బులోకి దూర్చండి, కింది బాల్ జాయింటును గాడి కుదిరేలా పెట్టి బోల్టు వేయండి, తర్వాత పెయింటు గీత కలిపి స్ట్రట్ బోల్టులు బిగించండి. షాఫ్ట్ పళ్లకు సన్నగా గ్రీజు రాస్తే తర్వాతి సారి విప్పేవాళ్లు మీకు దండం పెడతారు. టై రాడ్ నట్టు బిగించాక పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకాస్త బిగించి కలపాలి, ఎప్పుడూ వెనక్కి వదులు చేయకూడదు.

డిస్కు పెట్టేముందు హబ్బు ముఖాన్ని వైరు బ్రష్షుతో మెరిసేలా రుద్దండి. మధ్యలో తుప్పు పొలుసు ఒక్కటి ఇరుక్కున్నా డిస్కు వంకరగా కూర్చుని బ్రేకు తొక్కినప్పుడల్లా పెడల్ కొట్టుకుంటుంది. డిస్కు మీద గ్రీజు వేలిముద్రలు పడితే బ్రేక్ క్లీనర్ తో తుడవండి.

ఇక డ్రైవ్ షాఫ్ట్ నట్టు. ఇది షాఫ్ట్ ఊడిపోకుండా పట్టుకోవడానికి మాత్రమే అనుకుంటారు. దాని అసలు పని బేరింగులోని రెండు లోపలి రింగులను ఒకదానికొకటి ఆనించి నొక్కి ఉంచడం. వదులుగా ఉంటే రింగులు విడిగా ఆడతాయి, గుండ్లు అంచుల మీద నడుస్తాయి. ఎక్కువైతే నట్టు, షాఫ్ట్ మరలు సాగి చెడతాయి. అందుకే అంచనాగా కాదు, టార్క్ రెంచ్ తోనే. చిన్న మారుతి కార్లలో ఎక్కువగా ఇది 175 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, కొన్ని మోడళ్లలో ఇంకా ఎక్కువ. మీ కారు సర్వీసు మాన్యువల్ లో ఉన్న సంఖ్యే ఆఖరి మాట.

క్యాలిపర్ తిరిగి బిగించాక, కారు ఇంకా స్టాండు మీద ఉండగానే, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకుంటే వీలైనంత గట్టిగా బిగించండి. ఆ తర్వాతే చక్రం తొడిగి కిందికి దించి పూర్తి టార్క్ ఇవ్వండి. నట్టు వదులుగా ఉండగా కారు బరువు బేరింగు మీద పడటం, కారును అటూ ఇటూ తోయడం కొత్త బేరింగుకు హాని. టార్క్ పూర్తయ్యాక నట్టు అంచును మొద్దు ఉలితో షాఫ్ట్ గాడిలోకి వంచండి. వీల్ నట్లు ఎదురెదురుగా బిగించాలి, ఎంత టార్క్ అన్నది మీ కారు మాన్యువల్ లో చూసుకోండి.

స్టార్టు చేసే ముందు ఒక్క పని. బ్రేకు పెడల్ ను గట్టిపడే దాకా నాలుగైదు సార్లు తొక్కండి. క్యాలిపర్ విప్పినప్పుడు పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది. ఇది మర్చిపోయి కారు తీస్తే మొదటిసారి తొక్కినప్పుడు పెడల్ నేలకు తగులుతుంది, ఎదురుగా గేటో గోడో మనిషో ఉండొచ్చు.

రోడ్డు మీదికి తీశాక

ముందు వీధిలోనే ఇరవైలో నడిపి బ్రేకు చూడండి. తర్వాత మెయిన్ రోడ్డు మీద పది కిలోమీటర్లు పోయి ఆగి, రెండు ముందు చక్రాల మధ్యభాగం దగ్గర చెయ్యి పెట్టండి. తాకొద్దు, దగ్గర పెడితే చాలు. రెండూ ఒకేలా వెచ్చగా ఉండాలి. పని చేసిన వైపు బాగా వేడెక్కితే బేరింగు బిగుసుకుందో, బ్రేకు పట్టేసిందో చూడాలి. ఏబీఎస్ లైటు వెలిగితే సెన్సారు కనెక్టరు, తర్వాత పట్టీ వైపు అనుమానించండి. వీల్ అలైన్‌మెంట్ ఆ వారంలోనే చేయించండి, పెయింటు గీత ఎంత బాగా కలిసినా సరే. వంద కిలోమీటర్ల తర్వాత వీల్ నట్లు మరోసారి టార్క్ రెంచ్ తో చూడండి.

పాత బేరింగును వెంటనే పాత ఇనుముకు వేసేయొద్దు. సీలు ఊడదీసి, రింగులు తుడిచి వెలుతురులో చూడండి. ఎర్రటి తుప్పు, తెల్లగా మారిన గ్రీజు ఉంటే నీళ్లు చొరబడినట్టు. అప్పుడు రెండో వైపు బేరింగు కూడా అవే నీళ్లలో నిలిచింది కాబట్టి దాన్ని నెలకోసారి స్ప్రింగు మీద చెయ్యి పెట్టి వింటూ ఉండండి. గుండ్ల ఎడానికి సరిపోయేలా సమాన దూరాల్లో చిన్న గుంటలు కనిపిస్తే అది దెబ్బ వల్ల పోయింది, పెద్ద గుంతలో పడిందో, ఎవరో సుత్తితో ఎక్కించారో. నేను కొట్టి దింపిన బేరింగు రింగు మీద ఆ గుంటలు వరుసగా ఉన్నాయి. అది ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలోనే ఉంది.